మట్టి మిద్దెక్కింది

ట్రాలీ ఆటో వచ్చి గేటు ముందు ఆగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వెనక ముప్పై సంచుల ఎర్రమట్టి. రోహిణి కార్తె కదా, ఎండ ఎక్కకముందే పని కానిచ్చేద్దామని కూలీలు ఇద్దరూ ఐదింటికే వచ్చారు. సంచికి ఇంత అని మాట. రెండంతస్తుల మెట్లెక్కి మిద్దె మీద దింపాలి. మొదటి సంచి ఎత్తుకున్న మనిషి మెట్ల మలుపులో గోడకు చెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగాడు. గోడ మీద ఎర్రటి చేతి ముద్ర పడింది. అది ఇప్పటికీ ఉంది. తర్వాత రంగు వేయించినప్పుడు ఆ మేరకు వదిలేయమన్నాను.

అమ్మ కింది మెట్టు మీద కూర్చుని చూస్తోంది. సిద్దిపేట వైపు మా ఊళ్లో ఇంటికి తాళం వేసి, హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చి అప్పటికి రెండు నెలలు. పదో సంచి పైకి పోయాక అడిగింది.

"మట్టికి గూడ పైసలియ్యాల్నా బిడ్డా?"

ఇది నాలుగేళ్ల కిందటి సంగతి. ఆమె ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. డెబ్బై ఏళ్ల జీవితంలో ఆమె ఉప్పు కొన్నది, బట్ట కొన్నది, మందులు కొన్నది. మట్టి ఎన్నడూ కొనలేదు. మట్టిని బస్తాలకెత్తి మిద్దె ఎక్కించాల్సిన రోజు ఎందుకు వచ్చిందో ఆమెకు చెప్పడానికి నాకు మాట దొరకలేదు.

రోహిణి తర్వాత మృగశిర. మొదటి వాన పడగానే మళ్లీ అదే మాట అన్ని ఇళ్లలో మొదలవుతుంది: "ఈసారైనా పైన నాలుగు మొక్కలు పెట్టుకుందాం." ఏటా జూన్, జూలైలలో కూరగాయల ధర ఎక్కినప్పుడల్లా ఈ మాట బలపడుతుంది. 2023 జూలైలో కిలో టమాటా నూటయాభై రూపాయలు దాటినప్పుడు విత్తనాల దుకాణాలకు అంతకుముందు ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు. అదే టమాటాకు గిట్టుబాటు లేక రైతులు రోడ్డు మీద పారబోసిన సీజన్లనూ మనం చూశాం. ధర చూసి మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ధర దిగగానే మానేస్తారు. మడి అంటే ఏమిటో, మట్టి బరువెంతో, ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో తెలుసుకుని మొదలుపెట్టినవాళ్లు నిలబడతారు. ఈ కథనం ఆ రెండోరకం వాళ్లు పెరగాలని.

పెరడు పోయాక

పాత ఇళ్లలో పెరడును ఎవరూ 'తోట' అనలేదు. బావి దగ్గర పారే నీళ్లకు అరటి, అంట్లు తోమిన చోట బచ్చలి, పందిరి మీద సొర, ప్రహరీకి కాకర, మూలన మునగ. వాటికి వేరే నీళ్లు, వేరే ఎరువు, వేరే సమయం లేవు. ఇంటి పనిలోనే కూర పండేది. స్థలం నూటయాభై గజాలకు, నూరు గజాలకు కుదించుకుపోయాక పెరడే ముందు పోయింది. మిగిలిన కాస్త ఖాళీలో బండలు పరిచి బండి నిలబెట్టుకున్నాం. ఇక ఖాళీగా, ఎండ పడేలా మిగిలింది ఇంటి నెత్తి ఒక్కటే.

తెలుగునాట 'మిద్దెతోట' అనే మాట ఇంటింటికీ చేరడంలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమ్ రెడ్డి పాత్ర పెద్దది. హైదరాబాద్ శివారు నారపల్లిలో సొంత ఇంటి మిద్దె మీద ఇంటికి కావాల్సిన కూరగాయలు పండించి చూపారు, దానిమీద పుస్తకం రాశారు, చూడవచ్చినవాళ్లకు విడమరచి చెప్పారు. ఒక కథకుడు చేసిన ఈ పని చాలామందిని కదిలించింది. ఉమ్మడి రాష్ట్రంలోనూ, తర్వాత తెలంగాణలోనూ ఉద్యానశాఖ రాయితీ మీద మిద్దెతోట కిట్లు ఇచ్చింది. అటు ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగులో భాగంగా పెరటి తోటలనూ ప్రోత్సహిస్తోంది.

అయితే మిద్దె మీదైనా, పెరట్లోనైనా కుండీలు వేరు, ఎత్తుమడి వేరు. కుండీలో మొక్క ఒంటరిది. ఒక్కపూట నీళ్లు మరిచిపోతే వాడిపోతుంది. మడిలో మట్టి పరిమాణం ఎక్కువ కాబట్టి తేమ నిలుస్తుంది, వానపాములు నిలుస్తాయి, వేళ్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. ఎక్కువైన నీరు అడుగు నుంచి పోతుంది.

ఇది మనకు కొత్తది కూడా కాదు. మిరప, టమాటా, వంగ నారు పోసే రైతు మీటరు వెడల్పున, జానెడుకు కాస్త తక్కువ ఎత్తున మట్టి ఎగదోసి నారుమడి కడతాడు. వానాకాలంలో నీరు నిలిస్తే మొలక కుళ్లిపోతుందని ఆ ఎత్తు. రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలని, లోపల కాలు పెట్టి మట్టిని గట్టిపరచకూడదని ఆ మీటరు వెడల్పు. పసుపు, అల్లం వేసేవాళ్లు ఎత్తు మడుల మీదా, బోదెల మీదా వేసేదీ ఇందుకే. ఇప్పుడు ఇటుకలతో, సిమెంటు పలకలతో, మందపాటి ప్లాస్టిక్ షీటుతో నగరంలో కడుతున్నది ఆ నారుమడినే.

> హవానా మడులు
>
> 1991లో సోవియట్ యూనియన్ కూలిపోగానే క్యూబాకు డీజిల్, ఎరువులు, పురుగుమందులు రావడం దాదాపు ఆగిపోయింది. పల్లెల నుంచి కూరగాయలు నగరానికి తెచ్చే లారీకి ఇంధనం లేదు. హవానా ప్రజలు ఖాళీ స్థలాల్లో, వాహనాలు నిలిపే చోట్ల కూడా సిమెంటు దిమ్మెలు పేర్చి, లోపల కంపోస్టు నింపి పొడవాటి ఎత్తుమడులు కట్టారు. నేల బాగాలేకపోయినా, అసలు నేలే లేకపోయినా పండేలా చేసుకున్న ఏర్పాటు ఇది. వీటిని అక్కడ 'ఆర్గనోపోనికో' అంటారు. 1997లో మొదలైన 'వివేరో అలమార్' అనే సహకార తోట వీటిలో పేరున్నది. ఆకలి నుంచి పుట్టిన మడులవి.

ముందు బరువు, తర్వాతే బీర

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగాలి. ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే.

ఆ రోజు ముప్పై సంచుల మట్టితో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అడుగు లోతు ఇటుక మడి కట్టించాను. ఎక్కడ? ఎండ బాగా పడుతుందని మిద్దె నడిమధ్యన. దాని కింద హాలు. అమ్మ కూర్చుని టీవీ చూసే చోటు. ఎవరినీ అడగలేదు. మేస్త్రీ కట్టాడు, నేను కట్టించుకున్నాను.

లెక్క చూడండి. తడిసిన మట్టి ఘనపుటడుగు దాదాపు యాభై కిలోలు. మా మడి ఇరవై నాలుగు ఘనపుటడుగులు. అంటే వాన పడ్డ రోజున 1,200 కిలోలు. ఇటుకల బరువు వేరు. చిన్న కారును మించిన బరువు అది. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణాల ప్రకారం అదనంగా మోయగల బరువు కింద ఇంజినీర్లు సాధారణంగా లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 150 కిలోలు. మా మడి కింద ఉన్నది రెండుంబావు చదరపు మీటర్లు. ఆ లెక్కన అక్కడ పెట్టదగ్గది 335 కిలోలు. నేను పెట్టింది మూడున్నర రెట్లు.

రెండో వానాకాలంలో హాలు కప్పుకు చెమ్మ పట్టింది. ముందు అరచేయంత, తర్వాత చేటంత. దాని పక్కనే వెంట్రుక మందాన గీత. అమ్మే చూసి చెప్పింది. మర్నాడు పిలిపించిన ఇంజినీరు పైకెక్కి మడి చూసి, కిందికి దిగి కప్పు చూసి, ఒక్కటే మాటన్నాడు: "ఈ సాయంత్రానికి ఖాళీ చేయండి." మట్టి మళ్లీ సంచులకెక్కింది. మూడు రోజులు పట్టింది. టమాటా చెట్లు కాయల మీదున్నాయి.

నా అదృష్టం, కప్పు నిలబడింది. చెమ్మ పోవడానికి, మిద్దె మీద నీరు ఇంకకుండా పూత వేయించడానికి అయిన ఖర్చుతో రెండేళ్లు కూరగాయలు కొనుక్కోవచ్చు. మిద్దెతోట గురించి చెప్పేవాళ్లు ఈ సంగతి చివర్లో ఒక వాక్యంగా చెప్పి వదిలేస్తుంటారు. అది మొదటి వాక్యం కావాలి.

తర్వాత చేసిన మార్పులు ఇవి. మడులు గోడల మీదికి, దూలాల మీదికి జరిగాయి. కింది అంతస్తులో గోడ ఎక్కడుందో టేపుతో కొలిచి, పైన సుద్దతో గీత గీసి, ఆ గీత వెంబడి పెట్టాం. ఆకుకూరల మడి లోతు ఎనిమిదంగుళాలకు తగ్గింది. మట్టి పాలు తగ్గి కొబ్బరిపొట్టు, కంపోస్టు పాలు పెరిగింది. తడిసినా పాత బరువులో సుమారు సగమే. మడి అడుగు కప్పుకు తగలకుండా ఇటుకల మీద లేచింది. కింద గాలి ఆడుతుంది, నీరు ఎక్కడ కారుతోందో కంటికి కనబడుతుంది, చీపురు దూరుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు ఒక మాట. పై కప్పు అందరిదీ. పక్కవాళ్లు వద్దన్నారని నొచ్చుకునే ముందు, వాళ్ల పడకగది మీద మీరు ఎంత బరువు పెడుతున్నారో కాగితం మీద రాసి చూపించండి. లెక్క చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. లెక్క కుదరకపోతే పెట్టకూడదు. కిటికీ అంచున మెంతి, కొత్తిమీర చాలు.

> కొలతలు
>
> వెడల్పు: రెండు వైపుల నుంచీ చెయ్యి అందితే నాలుగడుగులు, గోడ పక్కనైతే రెండడుగులు మించొద్దు.
>
> లోతు: ఆకుకూరలకు 6 నుంచి 8 అంగుళాలు. వంగ, టమాటా, మిరప, బెండకు అడుగు. తీగజాతికి అడుగున్నర.
>
> ఎండ: కాయగూరలకు రోజుకు కనీసం ఆరు గంటలు. ఆకుకూరలు నాలుగు గంటలకూ సర్దుకుంటాయి.
>
> స్టాండు మీద పెడితే బరువంతా నాలుగు కాళ్ల కిందే పడుతుంది. కాళ్లు గోడ మీదికి, దూలం మీదికి రావాలి. కింద పలకలు వేయాలి.

అమ్మ ఎత్తు మడి

అమ్మకు మోకాళ్లు వంగవు. నేల మీద కూర్చుంటే లేపడానికి మనిషి కావాలి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ తెల్లారగానే పెరట్లోకి పోయేది. ఇక్కడికి వచ్చాక తెల్లారితే ఏం చేయాలో తెలియక మంచం మీదే కూర్చునేది. అన్నం సరిగ్గా తినేది కాదు. డాక్టర్ రక్తపరీక్షలన్నీ చేయించి ఏమీ లేదన్నాడు.

మడులు మార్చినప్పుడు ఒకదాన్ని రెండడుగుల ఎత్తు ఇనుప స్టాండు మీద పెట్టించాం. స్టూలు వేసుకుని కూర్చుంటే మట్టి సరిగ్గా ఆమె ఒడి ఎత్తున ఉంటుంది. నడుం వంగనక్కర్లేదు, మోకాలు మడవనక్కర్లేదు. మా ఆవిడ మెట్ల పక్కన పట్టుకోడానికి పైపు వేయించింది. పొద్దున ఆరింటికి అమ్మ ఆ పైపు పట్టుకుని నెమ్మదిగా పైకి పోతుంది, ఎండ చురుక్కుమనేదాకా అక్కడే. వయసు మీదపడ్డవాళ్లకూ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకూ ఎత్తుమడి ఇచ్చే సౌకర్యం ఇంకే తోటా ఇవ్వదు. ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే, మిగతా లాభాల లెక్కలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్కదాని కోసం మడి కట్టించవచ్చని నా గట్టి నమ్మకం.

ఓ ఉదయం నేను మడిలో అడ్డంగా అల్లుకున్న పిచ్చిమొక్కలు పీకి పారేస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆగాగు, అది గంగవాయిలి కూర. పప్పుల ఏస్తె పుల్లగ మంచిగుంటది. మీకు కూర కనవడది, కలుపు కనవడ్తది."

ఆ రోజు పప్పులో అదే పడింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు, విత్తకుండానే చేనులో మొలిచే ఇలాంటి ఆకుకూరల గురించి ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. నేను వాటి గురించి చదివాను. అమ్మ తిని పెరిగింది. కొన్న ఎర్రమట్టిలో ఆ విత్తనం ఎక్కడిదో, ఏ చెలకలోదో, ముప్పై సంచుల్లో ఒకదానిలో దాక్కుని మిద్దె మీదికి వచ్చింది.

మట్టి కలపడం

మంచి మడి మట్టి చేతిలో పిసికితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, కొబ్బరిపొట్టు సమపాళ్లుగా మొదలుపెట్టి, గుప్పెడు గుప్పెడుగా వేపపిండి కలిపితే చాలు. నల్లరేగడి ఒక్కటే నింపితే వానకు బురదవుతుంది, ఎండకు పగులుతుంది. కోనసీమ నుంచి వచ్చే కొబ్బరిపొట్టు చవక, తేలిక. అయితే అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు సార్లు నానబెట్టి పిండి వాడాలి. పచ్చి పేడ వేయకూడదు, వేళ్లు మాడతాయి.

ఏడాది తిరిగేసరికి మడి రెండు మూడు అంగుళాలు కుంగుతుంది. చాలామంది మట్టి కారిపోయిందనుకుంటారు. కారిపోలేదు, కంపోస్టు ఇంకా చివికి తగ్గిపోయింది, కొంత మొక్కలోకి పోయింది. ఆ మేరకు మళ్లీ కంపోస్టు వేస్తే సరి. వంటింటి తొక్కలు, ఎండుటాకులు, పాత కొబ్బరిపొట్టు ఒక డ్రమ్ములో పొరలు పొరలుగా వేస్తే ఆ కంపోస్టు ఇంట్లోనే తయారవుతుంది. ఊరి నుంచి ఆవు పేడ, మూత్రం తెచ్చుకోగలిగినవాళ్లు సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతాన్ని ఇరవై లీటర్ల బకెట్లో కలుపుకోవచ్చు: కిలో పేడ, లీటరు మూత్రం, రెండొందల గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, పిడికెడు మట్టి. రెండు రోజులు నీడన ఉంచి, నీళ్లతో పలచన చేసి పోయాలి.

మొక్కకూ ఒక వేళ ఉంది

మిద్దెతోట మానేసినవాళ్లను అడిగితే ఎక్కువగా చెప్పే కారణం: "పూత వస్తోంది, కాయ నిలవడం లేదు." తప్పు మట్టిది కాకపోవచ్చు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పూత రాలిపోతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఎన్ని మందులు పోసినా కాయ పట్టదు. ఎండాకాలంలో బెండ, గోరుచిక్కుడు, తోటకూర, పుంటికూర వేసుకుని, పైన సగం ఎండను ఆపే వల కట్టుకోవాలి. టమాటాకు వానలు మొదలయ్యాక నారు పోసి శీతాకాలంలో కోసుకోవాలి.

పందిరి చిక్కుడుది మరో గుణం. పాత నాటు చిక్కుడు పగలు కురచైతే గానీ పూయదు. జూన్‌లో నాటితే అక్టోబరు దాకా తీగ సాగుతూనే ఉంటుంది, ఒక్క పువ్వు కనబడదు. మా పక్కింటాయన విసుగెత్తి దసరా తర్వాత పీకేశాడు. ఇంకో నెలా నెలన్నర ఆగి ఉంటే పందిరి నిండా కాసేది. మనవాళ్లు రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టడం ఊరికే వచ్చిన ఆచారం కాదు. ఆ రోజుల్లో ఏ పెరట్లో చూసినా ఉండేది అదే.

ఇంకోటి, మూడో అంతస్తు మీదికి తేనెటీగ రావాలని ఏమీ లేదు. సొర, బీర పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంటే, చాలాసార్లు మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందలేదని అర్థం. మగపువ్వు కోసి, రేకలు తీసి, పిందె ఉన్న పువ్వు మధ్యన మెల్లగా అద్దితే చాలు. మా చిన్నపాప ఈ పని నేర్చుకుంది. దానికి సాయంత్రం ఆటకన్నా ఇదే ఇష్టం.

> ఏ పువ్వు ఎప్పుడు
>
> సొర, బీర: సాయంత్రం పొద్దు వాలే వేళ.
>
> కాకర, నేతిబీర, గుమ్మడి: తెల్లవారుజామున.
>
> ఆ వేళకు వెళితేనే పుప్పొడి తాజాగా ఉంటుంది. ఆఫీసుకు పోయేవాళ్లకు సొర, బీర అనుకూలం.

టమాటా వేసిన మడిలో మళ్లీ టమాటా, వంగ వేయొద్దు. వేళ్లకు బొడిపెలు కట్టించే నులిపురుగులు పెరుగుతాయి. మధ్యలో బంతి వేస్తే వాటి ఉధృతి తగ్గుతుంది. జూలైలో వేసిన బంతి బతుకమ్మకు చేతికొస్తుంది. పిండినల్లికి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా కొట్టాలి. బెండలో ఆకు ఈనెలు పచ్చబడితే మాత్రం మందు లేదు. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఆ మొక్కను పీకేయాల్సిందే. కోతులకు వల ఒక్కటే దారి. మడి కింద నిలిచే నీళ్లను వారానికోసారి తుడిచేయకపోతే, కూరగాయలతో పాటు డెంగీ దోమనూ పెంచినట్టే.

ఎంత పండుతుంది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు చెప్పింది. నలుగురున్న ఇంటికి కిలో ఆరొందల గ్రాములు. ఒకటి రెండు మడులతో ఇది తీరదు. తీరుతుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు. మొదటి ఏడాది మట్టి, ఇటుక, కూలి కలిపి నేను లెక్క రాసుకున్నాను. బజారు కూరగాయలే చవక. మా కప్పు బాగుచేయించిన ఖర్చు అందులో కలపనే లేదు.

కానీ ఆకుకూరల సంగతి వేరు. మెంతి మూడు వారాలకు, తోటకూర నెలకు, పాలకూర నెల దాటగానే కోతకొస్తాయి. పాలకూరను ఆకు వరకే కోస్తే మళ్లీ మళ్లీ వస్తుంది. బజార్లో మొదట వాడిపోయేది, ఏ నీళ్లతో పెరిగిందో, ఏ మందు పడిందో మనకు బొత్తిగా తెలియనిది ఆకుకూరే. దాన్ని మిద్దె మీద కోసి పది నిమిషాల్లో పొయ్యి మీద పెట్టుకోవచ్చు. వారానికి మూడు రోజులు మా ఇంట్లో ఆకుకూర కొనడం లేదు. అంతవరకు ఖాయంగా చెప్పగలను.

అందుకే మృగశిరకు మొదలుపెట్టే వాళ్లకు నా మనవి. పది మడులు వద్దు. నాలుగడుగుల మడి ఒక్కటి, ఎనిమిదంగుళాల లోతు, చారెడు తోటకూర విత్తనం. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల ఒడి ఎత్తుకు లేపండి. సంచులు మోసిన కూలీలతో మెట్టు మెట్టుకూ లెక్కగట్టి బేరం ఆడకండి. మట్టి పైకి తెప్పించే ముందు మాత్రం ఒక్కసారి కిందికి వెళ్లి, తలెత్తి చూసి, గోడ ఎక్కడుందో కొలుచుకోండి.